గదుల నడుమ తలుపు: ఒక ఆంగ్ల పదబంధం, గృహచరిత్ర

పక్కపక్క గదులను కలిపే తలుపును ఆంగ్లంలో ‘కమ్యూనికేటింగ్ డోర్’ అంటారు. నేడు ‘కమ్యూనికేషన్’ అనగానే మాటలు, సందేశాలు స్ఫురిస్తాయి. ఈ పదబంధంలో మాత్రం ఆ మాటకు రాకపోకల సంబంధమని అర్థం. ఆ సంబంధాన్ని ఐరోపా గృహనిర్మాతలు మొదట గుణంగాను, తరువాత దోషంగాను ఎంచిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఇంటిలోని వీలైనన్ని భాగాలకు దారి తీసేట్లు తలుపులను అమర్చాలన్నది ఆల్బెర్టీ అభిప్రాయం. ఆయన వాస్తుగ్రంథం 1485లో ముద్రితమైంది. రోములో రాఫేల్ రూపకల్పన చేసిన విల్లా మడామాలో ఒక్కొక్క గదికి పలు ద్వారాలు కనిపిస్తాయి. ఒక గదిలో నుండే మరొక గదికి దారి. యజమాని, అతిథి, సేవకుడు ఒకరి కంట ఒకరు పడక తప్పదు.

17వ శతాబ్ది మధ్యభాగంలో ఇంగ్లండులోని నాటి బర్క్‌షైర్‌లో రోజర్ ప్రాట్ నిర్మించిన కోల్స్‌హిల్ భవనంలో వేరొక పద్ధతి కనిపించేది. ఇంటి పొడవునా నడిమిగా ఒక నడవ సాగేది. ఇందుకు ప్రాట్ రెండు ప్రయోజనాలు చెప్పాడు: ఒక గది మరొక గదికి దారి కాకుండడం, పనులపై తిరిగే సేవకులు నలుగురి కంటా పడకుండడం. 1864 నాటి ‘ది జెంటిల్‌మన్స్ హౌస్’ గ్రంథంలో రాబర్ట్ కెర్ ఏకాంతానికి అగ్రస్థానమిచ్చాడు. ఇతరులు దాటిపోయే గదిని ‘తరోఫేర్ రూమ్’, అనగా దారిగది, అని పేర్కొని దోషంగా పరిగణించాడు. కుటుంబం, సేవకులు ఒకరికొకరు కనబడని, వినబడని ఏర్పాటును కోరాడు.

ఈ పరిణామాన్ని 1978లో రాబిన్ ఎవాన్స్ తన ప్రసిద్ధ వ్యాసంలో విశ్లేషించాడు. నడవ వలన ప్రతి గదికీ చేరిక సులభమైంది. అనుకోని కలయిక అరుదైంది. ఏకాంతం మానవునికి సహజమైన అవసరమని మనం భావిస్తాం. పై ఆధారాలను బట్టి చూస్తే, ఇంగ్లండు సంపన్న గృహాలలో దానికి లభించిన రూపం శ్రమను కంటికి మరుగుపరచే ప్రయత్నంతో పెనవేసుకొని ఉన్నది. యజమానికి దక్కిన ఏకాంతం సేవకునికి అదృశ్యత అయింది.

నేటి హోటళ్లలో ‘అడ్జాయినింగ్ రూమ్స్’ అంటే పక్కపక్క గదులు మాత్రమే. ‘కనెక్టింగ్ రూమ్స్’ అంటే నడుమ తలుపు ఉన్నవి. ఆ తలుపుకు సాధారణంగా ఇరువైపులా గడియలుంటాయి. ఆల్బెర్టీ నాడు ఇంటి సౌకర్యమైన తలుపు నేడు ఉభయుల సమ్మతితో మాత్రమే తెరుచుకొంటున్నది.