పాట్ సమ్మిట్

పాట్రీషియా స్యూ హెడ్ సమ్మిట్ (జూన్ 14, 1952 - జూన్ 28, 2016) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి, శిక్షకురాలు. పాట్ సమ్మిట్ అనే పేరుతో ఈమె ప్రసిద్ధురాలు. టెన్నెసీ విశ్వవిద్యాలయపు మహిళా జట్టుకు 1974 నుండి 2012 వరకు 38 సీజన్ల పాటు ప్రధాన శిక్షకురాలిగా పనిచేసింది. ఈ కాలంలో ఆ జట్టు 1,098 ఆటలలో గెలిచి, 208 ఆటలలో ఓడింది; 8 పర్యాయాలు జాతీయ ఛాంపియన్‌షిప్ సాధించింది. మహిళల కళాశాల క్రీడలకు నిధులు గాని, ప్రేక్షకులు గాని అంతగా లేని రోజులలో మొదలైన ఈమె వృత్తిజీవితం, ఆ పోటీలను దేశమంతా టెలివిజన్‌లో చూసే దశ వరకు సాగింది.

బాల్యం, విద్య

ఈమె టెన్నెసీ రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించింది. ఐదుగురు సంతానంలో నాలుగవది. పొలం పనులు ముగిసిన తరువాత ముగ్గురు అన్నలతో కలిసి గడ్డి నిల్వచేసే కొట్టంలో బాస్కెట్‌బాల్ ఆడేది. అక్కడి ఉన్నత పాఠశాలలో బాలికల జట్టు లేనందున, ఈమె ఆటకోసమే కుటుంబం సమీపంలోని హెన్రియెట్టాకు నివాసం మార్చింది. మార్టిన్ పట్టణంలోని టెన్నెసీ విశ్వవిద్యాలయ శాఖలో చదివి 1974లో పట్టభద్రురాలైనది. చదువు చివరి సంవత్సరంలో మోకాలికి తీవ్రమైన గాయమైనా ఆట మానలేదు. 1980లో వివాహానంతరం సమ్మిట్ అనే ఇంటిపేరు వచ్చింది.

శిక్షకురాలిగా తొలి సంవత్సరాలు

విద్యాసంస్థలలో లింగవివక్షను నిషేధించే "టైటిల్ నైన్" చట్టం అమెరికాలో 1972లో వచ్చింది. కాని దాని ఫలితాలు క్రీడారంగంలో వెంటనే కనిపించలేదు. 1974లో నాక్స్‌విల్‌లోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో సహాయకురాలిగా చేరవలసిన ఈమె, ప్రధాన శిక్షకురాలు తప్పుకోవడంతో 22 ఏళ్ళ వయసులోనే ఆ బాధ్యత స్వీకరించవలసి వచ్చింది. నెల జీతం 250 డాలర్లు. జట్టు ప్రయాణించే వ్యాన్‌ను తానే నడిపేది, క్రీడాకారిణుల దుస్తులు తానే ఉతికేది. అదే సమయంలో స్నాతకోత్తర విద్య కూడా కొనసాగించింది. 1974 డిసెంబరులో ఈమె జట్టు ఆడిన మొదటి ఆటలో మెర్సర్ విశ్వవిద్యాలయం చేతిలో ఒకే పాయింటు తేడాతో (84-83) ఓడింది.

అప్పట్లో టెన్నెసీ ఉన్నత పాఠశాలల్లో బాలికలు ఆరుగురి జట్లుగా, సగం మైదానానికే పరిమితమై ఆడేవారు. ముగ్గురు బంతిని వేయడానికి, ముగ్గురు అడ్డుకోవడానికి మాత్రమే ఉండేవారు, మధ్యగీత దాటకూడదు. దీనివలన అడ్డుకొనే బాలికలకు బుట్టలో బంతి వేసే అవకాశమే ఉండేది కాదు. ఇటువంటి వారికి కళాశాల జట్లలో చోటు దొరకడం కష్టం. ఈ పద్ధతి మారేవరకు సొంత రాష్ట్రపు బాలికలను తన జట్టులోకి తీసుకోబోనని సమ్మిట్ ప్రకటించింది. చివరకు 1979-80 సీజన్ నుండి అక్కడ ఐదుగురి ఆట అమలులోకి వచ్చింది.

ఒలింపిక్ క్రీడలు

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారిగా మహిళల బాస్కెట్‌బాల్ ప్రవేశపెట్టబడింది. అందులో రజత పతకం పొందిన అమెరికా జట్టుకు ఈమె సహ నాయకురాలు. 1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో ప్రధాన శిక్షకురాలిగా అమెరికాకు ఈ క్రీడలో మొదటి మహిళల స్వర్ణ పతకం అందించింది.

జాతీయ విజయాలు

కళాశాల క్రీడలను నిర్వహించే ఎన్.సి.ఎ.ఎ. సంస్థ 1982లో మహిళల బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ప్రారంభించింది. 1984 ఫైనల్‌లో ఓడిన టెన్నెసీ, 1987లో తొలి విజయం సాధించింది. సమ్మిట్ జట్లు ఫైనల్స్‌లో ఓడించిన విశ్వవిద్యాలయాలు ఇవి:

* 1987 - లూసియానా టెక్
* 1989 - ఆబర్న్
* 1991 - వర్జీనియా
* 1996 - జార్జియా
* 1997 - ఓల్డ్ డొమినియన్
* 1998 - లూసియానా టెక్
* 2007 - రట్గర్స్
* 2008 - స్టాన్‌ఫర్డ్

1996-97లో 10 ఆటలలో ఓడిపోయి కూడా ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టు, మరుసటి సీజన్‌లో ఆడిన 39 ఆటలలోనూ గెలిచింది. జీనో ఔరియెమా శిక్షణలోని కనెక్టికట్ జట్టు వీరికి ప్రధాన ప్రత్యర్థి; 1995, 2000, 2003, 2004 ఫైనల్స్‌లో టెన్నెసీ ఆ జట్టు చేతిలోనే ఓడింది.

శిక్షణా విధానం

సమ్మిట్ కఠినమైన క్రమశిక్షణకు, తీక్షణమైన చూపుకు పేరుపొందింది. క్రీడాకారిణులు తరగతిలో మొదటి మూడు వరుసలలోనే కూర్చోవాలని, తగిన కారణం లేకుండా తరగతి మానరాదని నియమం పెట్టింది. టెన్నెసీలో తమ పూర్తి క్రీడాకాలం ఆడిన వారందరూ పట్టభద్రులయ్యారు. గెలిచిన ఆటల సంఖ్యతో పాటు ఈ విషయం కూడా ఈమె ఘనతగా చెప్పబడుతుంది. షమీక్ హోల్డ్‌స్క్లా, టమీకా క్యాచింగ్స్, క్యాండస్ పార్కర్ ఈమె శిష్యురాళ్ళలో ప్రముఖులు.

అనారోగ్యం, మరణం

తనకు చిన్న వయసులోనే వచ్చే అల్జీమర్స్ వ్యాధి సోకినట్లు 2011 ఆగష్టులో, 59 ఏళ్ళ వయసులో, ఈమె బహిరంగంగా ప్రకటించింది. జ్ఞాపకశక్తిని హరించే ఈ వ్యాధిని దాచకుండా, మరొక సీజన్ శిక్షకురాలిగా కొనసాగింది. రోజువారీ బాధ్యతలలో అధికభాగం సహాయ శిక్షకురాలు, పూర్వ శిష్యురాలు అయిన హాలీ వార్లిక్ నిర్వహించింది. 2012 ఏప్రిల్‌లో సమ్మిట్ పదవి నుండి వైదొలగగా, వార్లిక్ ఆ స్థానంలో నియమింపబడింది. ఈ వ్యాధిపై పరిశోధనకు, రోగుల సంరక్షకులకు తోడ్పడేందుకు సమ్మిట్ తన పేరిట ఒక ఫౌండేషన్ నెలకొల్పింది. 2016 జూన్ 28న నాక్స్‌విల్‌లో మరణించింది.

గుర్తింపు

* 2000లో నైస్మిత్ స్మారక బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.
* 2005 మార్చిలో 880వ విజయంతో, పురుషుల జట్టు శిక్షకుడు డీన్ స్మిత్ రికార్డును దాటింది.
* 2009 ఫిబ్రవరిలో 1,000వ విజయం సాధించింది. ఎన్.సి.ఎ.ఎ. మొదటి శ్రేణి బాస్కెట్‌బాల్‌లో, స్త్రీపురుష శిక్షకులందరిలో, ఈ సంఖ్యను మొదట చేరినది ఈమెయే.
* 2012లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారాలలో ఒకటైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్‌ను అధ్యక్షుడు బరాక్ ఒబామా ప్రదానం చేశాడు.

మహిళల బాస్కెట్‌బాల్‌లో ఈమె నెలకొల్పిన 1,098 విజయాల రికార్డును 2020 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ శిక్షకురాలు టారా వాన్‌డెర్వీర్ అధిగమించింది. 2024 నవంబరులో ఔరియెమా ఆమె రికార్డును కూడా దాటాడు.