దిల్‌సుఖ్‌నగర్ మోసిన మొదటి ఏడాది

ఇంజనీరింగ్ సీటు వచ్చిందంటే ఇంటికి పండగే. ఆ సీటు నిలబడుతుందా, బ్యాక్‌లాగుల కింద నలిగిపోతుందా అన్నది మాత్రం చాలావరకు మొదటి ఏడాదిలోనే తేలిపోతుంది. దళిత, గిరిజన, బీసీ కుటుంబాల నుంచి, తెలుగు మీడియం బడుల నుంచి, ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లు ఎవరూ లేని నేపథ్యం నుంచి వచ్చిన పిల్లలకు ఈ ఏడాది మరీ గండం. వాళ్లను సీటు దాకా తీసుకురావడానికి మన ప్రభుత్వాలు చేసింది తక్కువేమీ కాదు. సీటు వచ్చాక గడిచే ఆ తొలి పది నెలలను మాత్రం ఎవరూ తమ పనిగా చూడలేదు. ఆ భారం హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అద్దె గదుల మీద, ట్యూషన్ సెంటర్ల మీద పడింది. ఈ ప్రాంతపు గత పాతికేళ్ల చరిత్రను నేను ప్రధానంగా ఇలాగే చదువుతాను.

దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి పొలాలు ప్లాట్లుగా మారి, ఆయన పేరుతోనే దిల్‌సుఖ్‌నగర్ అయింది. ఆ ఊరికి చదువుల బజారుగా పేరు రావడానికి మొదటి కారణం రోడ్లు. సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ వైపు నుంచి విజయవాడ హైవే ఎల్బీనగర్ చౌరస్తాకు చేరుతుంది. దేవరకొండ తండాలు, మర్రిగూడ, మాల్ నుంచి సాగర్ రోడ్డు ఇబ్రహీంపట్నం మీదుగా ఇటే వస్తుంది. 2000 తరువాత ఇబ్రహీంపట్నం, మంగళ్‌పల్లి, శేరిగూడ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు వరుసగా లేచాయి. నల్లగొండ జిల్లా పిల్లవాడు ఊరికి బస్సు దొరికేచోట, కాలేజీ బస్సు ఆగేచోట, నెల అద్దె భరించగలిగేచోట గది వెతుక్కోవాలి. ఆ మూడూ కుదిరినవి కొత్తపేట, చైతన్యపురి, గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ గల్లీలు. 2007లో ఎల్బీనగర్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేనాటికే ఆ గల్లీల్లో హాస్టల్ బోర్డు లేని వీధిని వెతకాల్సిన పరిస్థితి.

హాస్టల్ ఈ నగరానికి కొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది, అదే ఏడాది రాజా బహద్దూర్ వెంకటరామరెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ కూడా పుట్టింది. పల్లె నుంచి వచ్చిన కుర్రాడికి గది, భోజనం మాత్రమే చాలవని, పుస్తకాలూ పెద్దదిక్కూ కూడా కావాలని ఆ హాస్టల్ నడిపినవాళ్లకు తెలుసు. అక్కడ మంచి గ్రంథాలయం ఉండేది, సురవరం ప్రతాపరెడ్డి కొన్నేళ్లు హాస్టల్ బాధ్యతలు చూశారు. తరువాత మరికొన్ని కులాలవాళ్లూ తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టుకున్నారు. అయితే చందాలిచ్చే పెద్దలున్న కులాలకే అది సాధ్యమైంది. 1910 నుంచి భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లలకు ఒక్కో పాఠశాల తెరుస్తూ పోయారు. వాళ్లకు పై చదువుల దారి మాత్రం 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు, స్వాతంత్ర్యం తరువాతి సంక్షేమ హాస్టళ్లతో గానీ తెరుచుకోలేదు. భాష విషయంలోనైతే ముందుచూపు ఉండేది. ఉస్మానియాలో ఉర్దూలో సైన్స్ చెప్పాలనుకున్నప్పుడు నిజాం ప్రభుత్వం ముందుగా అనువాద శాఖ పెట్టి పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయించింది. ఆ ఉర్దూ తెలుగు పిల్లలకు మరో గోడ అయింది, అది వేరే సంగతి. 1968లో తెలుగు అకాడమీ వచ్చి ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాలను తెలుగులో అందించింది. చదువుల మాధ్యమం మారితే మధ్యలో ఒక వంతెన వేయాలన్న ఎరుక అప్పటి పాలకులకు ఉండేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంజనీరింగ్ విషయంలో ఆ ఎరుక మాయమైంది. 2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విస్తరించింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటాయి. కూలి చేసుకునే తల్లిదండ్రుల పిల్లలు బీటెక్‌లో చేరడం దేశంలో చాలా చోట్ల ఊహకందని రోజుల్లో ఇక్కడ మామూలైంది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను, అది గొప్ప సామాజిక మార్పు. కానీ ఆ డబ్బు కాలేజీ ఖాతాకు వెళ్లింది తప్ప పిల్లవాడి మొదటి ఏడాది కష్టాల దగ్గరికి రాలేదు. ఆ కష్టాలేమిటో దగ్గరగా చూడాలి. ఇంటర్‌లో ‘అవకలనం, సమాకలనం’ అని తెలుగులో నేర్చుకున్న అమ్మాయికి ఎం-1 (మొదటి ఏడాది గణితం) క్లాసులో అదే లెక్క ఇంగ్లిష్‌లో ఎదురవుతుంది. లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. ఎప్పుడూ కంప్యూటర్ ముట్టని అబ్బాయి మొదటి వారమే ల్యాబ్‌లో సి ప్రోగ్రాం టైపు చేయాలి. సెమీకోలన్ ఎక్కడుందో కీబోర్డు మీద వెతుక్కునేలోపు పక్కవాడి ప్రోగ్రాం రన్ అయిపోతుంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కు మినీ డ్రాఫ్టర్, షీట్లు, షీట్లు నలగకుండా పెట్టుకునే గొట్టం కొనాలి. కొన్నేళ్లపాటు జేఎన్‌టీయూలో మొదటి ఏడాదికి సెమిస్టర్లే లేవు. నడుమ మిడ్ పరీక్షలున్నా, ప్రధాన పరీక్ష ఏడాది చివర ఒక్కసారే. వెనకబడ్డామన్న సంగతి గట్టిగా తెలిసేసరికి ఏడాది అయిపోయేది. పాలిటెక్నిక్ చదివి ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్లకైతే ఆ మొదటి ఏడాది లెక్కలు చెప్పేవాళ్లే లేరు.

ఈ ఖాళీలోకే దిల్‌సుఖ్‌నగర్ బజారు వచ్చింది. ఎం-1, డ్రాయింగ్, సి లాంగ్వేజ్‌లకు ట్యూషన్లు, పరీక్ష ముందు రాత్రి చదివే ఆల్ ఇన్ వన్‌లు, సీనియర్ల నోట్సు దొరికే జిరాక్స్ షాపులు, నలుగురికి ఒక గది. వీటిలో చాలావాటికి నేను రుణపడినట్టే మాట్లాడతాను, ఎందుకంటే కాలేజీ చెప్పని చాలా సంగతులు ఆ గదుల్లోనే ఒకరు ఇంకొకరికి చెప్పుకున్నారు. గ్రూప్స్‌కూ, కానిస్టేబుల్ పరీక్షలకూ చదివేవాళ్లు, బీటెక్ పిల్లలు అక్కడ ఒకే మెస్‌లో తిన్నారు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బస్టాపుల దగ్గర జంట పేలుళ్లు జరిగినప్పుడు చనిపోయినవాళ్లలో విద్యార్థులు ఉన్నారు. ఆ వేళ ఆ రోడ్డు వాళ్లదే. ఐతే బజారుకు ఒక హద్దు ఉంది. ట్యూషన్ ఫీజు కట్టగలిగినవాడికే అది అందుతుంది, రాత్రి పొద్దుపోయాక క్లాసులుంటే ఆడపిల్లకు అందదు. ప్రభుత్వం కాలేజీ ఫీజు చెల్లించి ట్యూషన్ ఫీజు ఇంటికి వదిలేసిందంటే, చదువులో అసలు కష్టమైన భాగాన్ని పేదవాడి జేబుకే వదిలేసినట్టు.

దీనికి వినిపించే అభ్యంతరాల్లో మొదటిది, తప్పు ఇంటర్మీడియట్‌దే, పునాది లేనిది ఒక్క ఏడాదిలో ఏం సరిచేస్తారని. పునాది బలహీనత నిజమే. కానీ సరిచేయడం సాధ్యమేనని ప్రభుత్వాలే నమ్మాయి. ఐఐటీల్లో కటాఫ్‌కు కొద్దిగా దూరంలో ఆగిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఎప్పటినుంచో ఉంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం గ్రామీణ విద్యార్థులను పదో తరగతి కాగానే తీసుకుని, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు పాయింట్లు ఇచ్చి, బీటెక్‌కు ముందు రెండేళ్లు సిద్ధం చేసేలా రూపుదిద్దుకుంది. అక్కడ అవసరమనుకున్నది ఇబ్రహీంపట్నం కాలేజీలో అనవసరం ఎలా అవుతుంది? రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: చేయి పట్టి నడిపిస్తే పిల్లలు ఎప్పటికీ సొంతంగా నడవరు, ప్రమాణాలు పడిపోతాయి. దీనికి సమాధానం అమెరికాలోని బర్కిలీలో దొరుకుతుంది. 1970ల్లో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత అధ్యాపకుడు, కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారో వాళ్ల దైనందిన జీవితం దగ్గరికి వెళ్లి చూశాడు. వాళ్లు కష్టపడుతూనే ఉన్నారు, కానీ ఒంటరిగా. బాగా రాణిస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు సాయంత్రాలు కలిసి కూర్చుని లెక్కలు చేసి, ఒకరి తప్పులు ఇంకొకరు దిద్దుకుంటున్నారు. ఆయన తేలిక పాఠాలు చెప్పలేదు. గుంపుగా కూర్చోబెట్టి ఇంకా కఠినమైన లెక్కలిచ్చాడు. వాళ్ల ఫలితాలు మారిపోయాయి. సాయం అంటే ప్రమాణం తగ్గించడమేనన్న వాదన అక్కడ నిలబడలేదు.

ట్రైస్‌మన్ వెతికి తయారుచేసుకున్నది మనకు కట్టి సిద్ధంగా ఉంది. నలుగురు ఒకే గదిలో ఉండే హాస్టల్ కంటే కలిసి చదవడానికి అనువైన చోటు ఏముంది? కానీ సంక్షేమ శాఖ హాస్టల్‌ను ఇన్నాళ్లూ పడక, పప్పుచారు లెక్కల్లోనే చూసింది. ప్రైవేటు హాస్టల్ యజమానికి ఆ మాత్రం పట్టింపూ అవసరం లేదు. ఏఐసీటీఈ 2017లో కొత్త విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం తెచ్చింది. ఉద్దేశం మంచిదే. మూడు వారాల్లో కాలేజీ పరిచయం అవుతుంది, ఎం-1 రాదు.

అందుకే జేఎన్‌టీయూకూ, సంక్షేమ శాఖలకూ ఒక విజ్ఞప్తి. ఎల్బీనగర్ చుట్టుపక్కల పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లలో మొదటి ఏడాది పిల్లలకు వారానికి మూడు సాయంత్రాలు లెక్కలకూ, ప్రోగ్రామింగ్‌కూ గుంపు తరగతులు పెట్టండి. వాటిని అదే దారిన వచ్చిన మూడో ఏడాది, నాలుగో ఏడాది సీనియర్లకు అప్పగించి, గౌరవవేతనం ఇవ్వండి. కష్టమైన లెక్కలే ఇవ్వండి, వివరణ మాత్రం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ చెప్పించండి. ప్రతి కాలేజీ మొదటి ఏడాది ఫలితాలను మీడియం వారీగా, వర్గాల వారీగా ఏటా ప్రచురించండి. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో అందరికీ కనిపిస్తే, ఆ ఏడాది తమ బాధ్యత కాదని ఏ కాలేజీ అనలేదు.