కరణం పోయాక పహాణీ

1984 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. కోస్తా, రాయలసీమల్లో మునసబు, కరణం, తెలంగాణలో మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ రాత్రికి రాత్రి మాజీలయ్యారు. తెలుగుదేశం గద్దెనెక్కి అప్పటికి ఏడాది. 1956 నుంచి రాష్ట్రాన్ని ఏలిన కాంగ్రెసు అంతవరకూ తెగించని పని అది.

మునసబు శిస్తు వసూలు చేసేవాడు, కరణం లెక్క రాసేవాడు. పెత్తనం ఎక్కువగా రాసేవాడి చేతిలోనే ఉండేది. అతని ప్రధాన లెక్క అడంగల్. తెలంగాణలో దాని పేరు పహాణీ. ఒక్కో సర్వే నంబరుకు విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, నీటి ఆధారం, వేసిన పంట వరసగా గళ్లలో పడేవి. వీటిలో అసలు కీలకం అనుభవదారు గడి. కౌలుదారు పేరు అందులో పడితే రేపు హక్కు అడగవచ్చు. పడకపోతే ఇరవై ఏళ్లు దున్నినా కాగితం అతన్ని ఎరగదు. ఆ గడి నింపే కలానికి ఊరు భయపడిందంటే వింత లేదు. సుమతీ శతకంలోనే కరణాల మీద ఒకటికి మించి పద్యాలున్నాయి.

పైగా పదవి వంశపారంపర్యం. మద్రాసు ప్రెసిడెన్సీ 1895 చట్టం వారసుడికే పీట వేసింది. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన ఒక మునసబు ఉద్యోగ వివాదంలో సుప్రీంకోర్టు 1960లో ఆ నియమాన్ని కొట్టేసింది. తీర్పు వచ్చినా చాలా ఊళ్లలో ఆ కుటుంబాల పట్టు సడలలేదు. 1984 ఆర్డినెన్సును కూడా కోర్టులో సవాలు చేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

పెత్తనం పోయింది, అది మంచికే. 1985లో తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు ఏర్పడి ఆఫీసు కూడా రైతుకు దగ్గరైంది. చిక్కల్లా రికార్డుతో వచ్చింది. చాలా ఊళ్లలో లెక్కల కట్టలు కరణం ఇంటి భోషాణంలోనే ఉండేవి. అన్నీ సర్కారుకు చేరలేదు. కాగితానికి ఎక్కనిది మరీ ఎక్కువ. ఏ గట్టు ఎప్పుడు జరిగింది, ఏ అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నారు అన్నది కరణానికి కంఠతా వచ్చు. అతన్ని దించేముందు ఆ జ్ఞాపకాన్ని రాయించి పెట్టుకోవాలని సర్కారుకు తట్టినట్టు లేదు. తరువాత కరణం పని గ్రామ పరిపాలనాధికారి, పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) అంటూ చేతులు మారింది. కొత్తగా వచ్చినవారిలో చాలామందికి ఊరు కొత్త, గొలుసు పట్టి కొలవడం అంతకన్నా కొత్త.

తెలంగాణ ఈ కథను మళ్లీ నడిపించింది. 2020 సెప్టెంబరులో చట్టం చేసి వీఆర్వో పదవిని ఎత్తేసింది. కారణంగా చెప్పింది పాతదే, అవినీతి. అక్టోబరు 29న భూరికార్డుల ధరణి పోర్టల్ మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ తహసీల్దారు ఆఫీసులో ఒకేసారి పూర్తికావడం రైతుకు నిజంగా వెసులుబాటే. కాని కొత్త రికార్డులో అనుభవదారు గడికి చోటు లేకపోయింది. తప్పు పడితే ఊళ్లో అడగడానికి మనిషీ లేడు. ధరణి ఫిర్యాదులు 2023 ఎన్నికల ప్రచారంలో పెద్ద అంశమయ్యాయి, ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆ సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులకు నియామక పత్రాలిచ్చారు. పరీక్ష పెట్టి ఎంపిక చేసినవారు పాత వీఆర్వోలు, గ్రామ రెవెన్యూ సహాయకులే (వీఆర్ఏలే).