దత్తమండలమున అంతర్జాతీయ న్యాయము

న్యాయ విద్యాలయములలో అంతర్జాతీయ న్యాయమునకును, తులనాత్మక న్యాయమునకును ప్రత్యేక కేంద్రములు నెలకొల్పుట మన దేశమున ఇటీవలి ఆచారము. రాజ్యములు తమలో తాము ఏ కట్టుబాట్లకు లోబడి వర్తింపవలెనో విచారించునది మొదటి విద్య. ఒక దేశపు న్యాయమును మరియొక దేశపు న్యాయముతో సరిచూచి మేలుకీళ్ళు తెలిసికొనునది రెండవది. ఈ రెండును ఐరోపాలో పుట్టి పాఠ్యగ్రంథములతోపాటు మనకు దిగుమతి యైనవను అభిప్రాయము విద్యార్థులలో గాఢముగా నాటుకొనియున్నది. 1625లో గ్రోషియస్ ప్రకటించిన గ్రంథముతో పాఠము మొదలై, 1648 నాటి వెస్ట్‌ఫేలియా సంధి మీదుగా సాగి, హేగ్ నగరపు న్యాయస్థానముకడ విశ్రమించును. ఆ చరిత్ర అసత్యము కాదు. కాని పడమటి కర్నూలు సీమలో, జొన్నగిరి మొదలు ఆదోని, ఎమ్మిగనూరుల వరకు గల నేలలో, ఈ విద్యకు వలసిన మూలసామగ్రి శిలలపైనను, సంధిపత్రములందును, కాలువ గట్లవెంటను ఉండగా, దానిని ఈ దృష్టితో వరుసగా చదివినవారు అరుదగుట విచారకరము.

గుత్తి నుండి పత్తికొండకు పోవు మార్గమున, జొన్నగిరికి చేరువగా, ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. ఆ సమీపపు గుట్టమీది బండలపై అశోక చక్రవర్తి శాసనములు బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నవి. 1920ల చివర భూగర్భ శాస్త్రజ్ఞుడగు అనూ ఘోష్ గుర్తించువరకు పండితలోకమునకు వీని ఉనికి తెలియదు. పదునాలుగు పెద్ద శిలాశాసనములును, చిన్న శిలాశాసనమును ఒక్కచోటనే యుండుట ఇచ్చటి విశేషము. చిన్న శాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచును. చదువరి చూపు దున్నెడు నాగలివలె చాలు చివర మరలవలసి వచ్చును. చిత్రదుర్గ ప్రాంతమునందలి బ్రహ్మగిరి శాసనము, సువర్ణగిరి నుండి ఆర్యపుత్రుడును మహామాత్రులును పంపిన ఆజ్ఞగా మొదలగుచున్నది. ఆ సువర్ణగిరి మన జొన్నగిరియే యని కొందరు చరిత్రకారులు తలచిరి. మస్కి పరిసరములని తలచినవారును కలరు.

న్యాయశాస్త్ర విద్యార్థి ఈ బండలపై ముఖ్యముగా చదువవలసినవి రెండవ శాసనమును, పదుమూడవ శాసనమును. తన రాజ్యమునందే గాక ఎల్లల కవతలి చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్రుల దేశములందును, తామ్రపర్ణియందును, అంతియోకుడను యవనరాజు సీమయందును మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పాటు చేసితిననియు, మూలికలు లేనిచోట తెప్పించి నాటించితిననియు రెండవదానిలో చక్రవర్తి ప్రకటించెను. పదుమూడవదానిలో కళింగ యుద్ధమున చచ్చినవారిని, చెరపట్టబడినవారిని తలచుకొని పశ్చాత్తప్తుడై, ఆయుధ విజయముకంటె ధర్మవిజయమే శ్రేష్ఠమని చెప్పి, అయిదుగురు యవనరాజులను పేర్కొనెను. తన యేలుబడిలోని జనములను చెప్పుచు ఆంధ్రులను స్మరించినదియు ఈ శాసనముననే. పండ్రెండవ శాసనము పరమత ధర్మమును విని తెలిసికొనుమని బోధించును; తులనాత్మక విద్యకు ఇంతకు మించిన పీఠిక నాకు కనబడదు.

అయినను వీనిని సంధులనుట సరికాదు. ఇవి ఏకపక్ష ప్రకటనలు. అవతలి రాజు అంగీకారము ఇందులో లేదు, ఉల్లంఘనకు పరిహారము లేదు. పొరుగు రాజ్యపు ప్రజయెడల సయితము తనకు కర్తవ్యము కలదని ఒక ప్రభువు తానై బహిరంగముగా ఒప్పుకొనుట, ఆ మాటను దూరపు మండలముల బండలపై చెక్కించి ముందు తరములవారికి సాక్ష్యముగా నిలుపుట, ఇవి మాత్రము న్యాయభావన చరిత్రలో చిన్న విషయములు కావు.

తరువాతి శతాబ్దులను వేగముగా దాటవచ్చును. 1547లో విజయనగర ప్రభువు సదాశివరాయలకును గోవాలోని పోర్చుగీసు గవర్నరునకును జరిగిన ఒడంబడికలో గుఱ్ఱముల వ్యాపారమును, బీజాపురముపై మైత్రియును సమానుల నడుమ మాటగా కుదిరినవి. ఆ సమానత్వము నిలువలేదు.

1800 అక్టోబరు 12వ తేదీన హైదరాబాదు నిజాము అలీఖానునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధియే ఈ సీమను కంపెనీకి దత్తమైన మండలముగా, అనగా దత్తమండలముగా చేసి, దాని భవితవ్యమును నిర్ణయించినది. తన రక్షణకని కంపెనీ నిలిపిన సైన్యపు వ్యయమునకై, 1792లోను 1799లోను మైసూరు రాజ్యమునుండి తనకు వచ్చిన ప్రాంతములను నిజాము కంపెనీకి వదలుకొనెను. ఆదోని అట్లు వచ్చినది కాదు. అది నిజాము సోదరుడు బసాలత్ జంగు జాగీరుగా అనుభవించిన పాత దుర్గము. అది చేయి మారుటకు కారణము సరిహద్దు చక్కగా నుండవలెనను కోరిక. తుంగభద్రయే ఎల్లగా నుండుటకై, నది కుత్తరమున నున్న కొప్పళ, గజేంద్రగడ మొదలగువానిని నిజామే ఉంచుకొని, వానికి బదులుగా దక్షిణ తీరమునందలి ఆదోనిని ఇచ్చివేసెను. రెండు ప్రభుత్వముల సౌలభ్యమునకై ఒక దుర్గము, దాని చుట్టుపట్ల గ్రామములు, వానిలోని కాపులు, నేతగాండ్రు ఒక్క షరతుతో యజమానిని మార్చుకొనిరి. బలప్రయోగముచేత కుదిర్చిన సంధి చెల్లదని 1969 నాటి వియన్నా ఒప్పందము నేడు చెప్పుచున్నది. సైన్యమును ఇంట నిలిపి, దాని ఖర్చుకు రాజ్యమునే వ్రాయించుకొన్న సంధిని ఏ కోవలో చేర్పవలెనను ప్రశ్న మన విద్యార్థులు చర్చింపదగినది. నా దృష్టిలో అది ఒప్పందపు రూపము దాల్చిన నిర్బంధమే.

నదిని ఎల్లగా గీచినవారు నీటి సంగతి తలపలేదు. దాని ఫలము నూటయేబది సంవత్సరములు అనుభవింపబడినది. నదికి ఆవల నిజాము, ఈవల మద్రాసు, ఎగువను మైసూరు. 1892లో మద్రాసు, మైసూరుల నడుమ ఒక ఒడంబడిక. 1944లో మద్రాసు, హైదరాబాదుల నడుమ మరియొకటి. ఆ పిమ్మట 1945లో తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు, అంతవరకు బళ్ళారి జిల్లాలో నుండిన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, హోసపేట మైసూరునకును పోయినవి. తుంగభద్ర దిగువ కాలువ తల యొక రాష్ట్రమున, తోక వేరొక రాష్ట్రమున పడినవి. ఆ తోకనే నమ్ముకొని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు చివరి ఆయకట్టు రైతు మడి చేసికొనుచున్నాడు. ఎగువ తూములు ఎత్తినంతసేపు అతనికి రాజ్యాంతర న్యాయము పుస్తకములోని మాట కాదు.

1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు, తుంగభద్ర చేరు కృష్ణా జలములను రాష్ట్రములకు పంచినపుడు తులనాత్మక న్యాయము మన పొలములలోనికి నేరుగా వచ్చినది. తన ఎల్లలలోని నీరు తన ఇష్టమను పూర్ణాధికార వాదము అమెరికాలో 1895లో అటార్నీ జనరల్ హార్మన్ పేర వెలువడినది. దానిని ప్రక్కకు నెట్టి, అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రముల తగవులలో రూపొందించిన న్యాయసమ్మత విభజన సూత్రమును ట్రిబ్యునలు ఆధారముగా గైకొనెను. 2,060 టి.ఎం.సీ.లలో ఆంధ్రప్రదేశునకు 800, కర్ణాటకమునకు 700, మహారాష్ట్రమునకు 560 అని తేల్చెను. పూర్వమునుండి వాడుకలో నున్న ఆయకట్టులకు రక్షణ యిచ్చుట ఆ తీర్పునందలి ప్రాణము.

ఈ శాస్త్రమును అభ్యసించిన తెలుగువారు తక్కువవారు కారు. 1950ల ఆరంభమున పోలండు దేశీయుడగు అలెగ్జాండ్రోవిచ్ మద్రాసు విశ్వవిద్యాలయమున ఈ శాఖను నెలకొల్పి, ఆసియా రాజ్యములు ఐరోపావారితో చేసికొన్న సంధులను వెదకి, ఈ న్యాయమున తూర్పునకు భాగము కలదని నిరూపించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బోధించిన బి.ఎస్. మూర్తి గారు దేశముల నడుమ ప్రచారయుద్ధమునకు న్యాయపు హద్దులను విమర్శించుచు 1968లో గ్రంథము వెలువరించిరి. పెమ్మరాజు శ్రీనివాసరావు గారు ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘమున ప్రత్యేక నివేదకులై, ఒక దేశపు కార్యము పొరుగుదేశమునకు హాని చేయకుండ ముందే నివారింపవలెనను నియమములను 2001లో తుదిరూపమునకు తెచ్చిరి. కృష్ణా జిల్లావారగు పి. చంద్రశేఖరరావు గారు సముద్ర న్యాయ ట్రిబ్యునలునకు 1999 నుండి 2002 వరకు అధ్యక్షులైరి. 1998లో హైదరాబాదున నల్సార్, 2008లో విశాఖపట్టణమున దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము వెలసినవి. రెండవదాని పేరు ధరించిన సంజీవయ్య గారు కర్నూలు జిల్లావారే.

కర్నూలు సమీపమున జగన్నాథగట్టుపై మరియొక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమునకు 2024లో శంకుస్థాపన జరిగినది. అచ్చట అంతర్జాతీయ, తులనాత్మక న్యాయ కేంద్ర మేర్పడునేని, 1800 నాటి సంధిని, 1892, 1944 నాటి ఒడంబడికలను, బచావత్ తీర్పును సరళమైన తెలుగులోనికి తెచ్చి వ్యాఖ్యానముతో అచ్చువేయుట దాని మొదటి కార్యము కావలెనని నా ప్రార్థన. ఆ కాలువనీటితో బ్రతుకుచున్న ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు తమ హక్కును తమ భాషలో చదువుకొను అవకాశము ఇప్పటికే ఆలస్యమైనది.