మరణానంతర కీర్తి: తెలుగు వాగ్గేయకారులు, గాయకులు

పాడినవారు కన్నుమూశాక వారి పేరు పెరగడం, మరుగున పడడం, మళ్లీ వెలుగులోకి రావడం తెలుగు సంగీత చరిత్రలో తరచూ జరిగాయి. పాటను దాచినవారిని బట్టి, మళ్లీ పాడినవారిని బట్టి ఆ కీర్తి మారింది. తాళ్లపాక, తరిగొండల్లో దీనికి తొలి ఉదాహరణలున్నాయి.

తాళ్లపాక, తరిగొండ

తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని భాండాగారంలో భద్రపరిచాడు. తర్వాత ఆ భాండాగారాన్నే జనం మరిచిపోయారు. 1920ల నుంచి సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి తదితర పండితులు రేకులను వెలికితీసి పరిష్కరించారు. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు బాణీలు కట్టారు; ఇప్పుడు ఇంటింటా వినబడేవి ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దపు బాణీలే. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు ప్రారంభించింది. 2022లో మదనపల్లె చేరిన కొత్త జిల్లాకు అన్నమయ్య పేరే పెట్టారు.

మదనపల్లెకు చేరువలోని తరిగొండలో పుట్టిన కవయిత్రి వెంగమాంబ (1730–1817) పేరు మరోదారిన నిలిచింది. తిరుమల ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాలహారతి నేటికీ సాగుతోంది.

రికార్డుల కాలం

ఘంటసాల వేంకటేశ్వరరావు 1974 ఫిబ్రవరి 11న మరణించారు. ఆయన పాడిన భగవద్గీత ఆ తర్వాతే విడుదలైంది. శ్లోకం పాడి, వెంటనే తెలుగులో అర్థం చెప్పే ఆ పద్ధతి చదువురానివారికీ గీతను చేరువ చేసింది. అంతిమయాత్ర వాహనాల మైకుల్లో దాన్నే వేస్తుండడంతో, వీధిలో ఆ గొంతు వినగానే ఎవరు పోయారని ఆరా తీయడం అలవాటైంది. బతకడం నేర్పే గ్రంథాన్ని చావు కబురుగా వినడం ఆ గాయకుడికి అన్యాయమే. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన పేరు పెట్టారు. 2003లో తపాలా బిళ్ల వెలువడింది.

ఇటీవలి కాలం

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020 సెప్టెంబరు 25న మరణించారు. నెల్లూరు సంగీత, నృత్య పాఠశాలకు ఆ ఏడాదే ఆయన పేరు పెట్టారు. 2021లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆయన నడిపిన టీవీ పాటల కార్యక్రమం ‘పాడుతా తీయగా’ను కుమారుడు చరణ్ కొనసాగించారు. వేల రికార్డులు అందుబాటులో ఉన్నందున, అన్నమయ్యలా ఆయన పాట శతాబ్దాలపాటు చీకట్లో ఉండే ప్రమాదం లేదు. అయినా ఆ పాటను కష్టపడి నేర్చుకుని పాడే పిల్లలు ప్రతి తరంలోనూ కావాలి.