పాలు చేపే కథ

బాలింత ఉన్న ఇంటికి ఎవరొచ్చినా ముందు అడిగే ప్రశ్న, "పాలు సరిపోతున్నాయా అమ్మాయ్?" అని. అడిగేవాళ్ళు ప్రేమగానే అడుగుతారు. కాని పదిమందీ పదిసార్లు అడిగేసరికి ఆ పిల్లకి లేని బెంగ పట్టుకుంటుంది. ఈ బెంగ ఈనాటిది అనుకునేరు! చరక సంహితలోనే పాలు పెంచే వేళ్ళని పదింటిని ఒకచోట చేర్చి చెప్పారు. వరివేళ్ళూ దర్భవేళ్ళూ అందులో ఉన్నాయి. ఆనాటి తల్లికీ ఇదే దిగులన్నమాట.

మన అమ్మమ్మలు అంత దూరం పోలేదు. వెల్లుల్లి కారం, మెంతులు, ములగాకు, కోస్తా వాళ్ళయితే పాలసొర పిట్టు. చిక్కడపల్లి మార్కెట్లో సంచీ నింపుకుంటే సగం వైద్యం అయిపోయినట్లే! ఇందులో వెల్లుల్లి మహిమని 1991లో అమెరికాలో పరీక్షించి చూశారు. తల్లి వెల్లుల్లి తింటే ఆ వాసన పాలలోకి వస్తుందట. ఆ పాలకి పిల్లలు రొమ్ము ఎక్కువసేపు పట్టుకుని, మరింతగా చీకారట. అసలు కీలకం ఈ చీకడంలోనే ఉంది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

అయితే పెద్దవాళ్ళు చేసిందంతా సబబేనా అంటే, కాదు. బంగారంలాంటి ముర్రుపాలు పిండి పారబోయించారు. దాహం వేసిన బాలింతకి గుక్కెడు నీళ్ళివ్వడానికి వెనకాడారు. పథ్యం పేరుతో కూరలు మాన్పించారు. పుట్టింటి విశ్రాంతి, వేళకి వేడి అన్నం, పక్కలోనే బిడ్డ, ఈ మూడే ఆ తప్పులన్నిటినీ కాచాయి.

సరైన తిండి లేని తల్లికి పాలెలా వస్తాయి? ఈ ప్రశ్న పట్టుకున్న సంస్థ మన ఊళ్ళోనే ఉంది. చిక్కడపల్లి నుంచి విద్యానగర్ మీదుగా వెళితే తార్నాకలో కనిపించే జాతీయ పోషకాహార సంస్థ అదే. 1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. 1950లలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పేద తల్లుల పాలను పరీక్షించారు. అర్ధాకలితో ఉన్న తల్లి పాలలో కూడా మాంసకృత్తులు పెద్దగా తగ్గలేదు. విటమిన్లు మాత్రం తగ్గాయి. అంటే తల్లి తన ఒంట్లోది కరిగించి బిడ్డకి పోస్తోందన్నమాట. పాలిచ్చే తల్లికి మొదటి ఆరునెలలూ రోజుకి 600 కెలోరీలు అదనంగా కావాలని నేడు ఆ సంస్థే చెబుతోంది.

ఇంతలో డబ్బా వచ్చింది. 1867లో స్విట్జర్లాండులో హెన్రీ నెస్లే పాలపిండి చేశాడు. మన దేశంలో 1950లలో మైసూరులోని ఆహార పరిశోధనశాల గేదెపాలతో పసిపిల్లల పాలపొడి చేసే పద్ధతి కనిపెట్టింది. తల్లిలేని బిడ్డకి అది వరమే, కాదనం. కాని డబ్బాతోపాటు "నీ పాలు చాలవేమో" అనే అనుమానం కూడా ఇంటింటికీ చేరింది. డబ్బాపాలకి మురికి నీళ్ళు తోడైతే ఏమవుతుందో 1939లోనే సింగపూరులో డాక్టర్ సిసిలీ విలియమ్స్ ఎలుగెత్తి చెప్పింది. ఆ ఉపన్యాసానికి ఆవిడ పెట్టిన పేరు "పాలూ, హత్యా"!

ఇప్పుడు ఆ చీకడం సంగతి. దూడ మూతి పొదుగుకి తగిలితే ఆవు చేపుతుంది. మనిషికీ అంతే. బిడ్డ చీకగానే తల్లి మెదడు దగ్గరి పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోనులు వదులుతుంది. ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ ఆ పాలను చేపిస్తుంది. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు ఊరతాయి. నడుమ ఒక సీసా పట్టామా, ఆ మేరకు చీకడం తగ్గి పాలూ తగ్గుతాయి. భయం, నొప్పి, దిగులు ఉంటే చేపు ఆలస్యమవుతుంది. కనుక పదేపదే అడిగే ఆ ప్రశ్నే పాలకి అడ్డుపడగలదు, చూశారా!

లోకం ఇది ఆలస్యంగానైనా గ్రహించింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బాపాల అమ్మకాలకి నియమాలు పెట్టింది. 1992లో మన పార్లమెంటు చట్టం చేసి వాటి ప్రకటనలు నిషేధించింది. డబ్బా మీద ముద్దొచ్చే పాపాయి బొమ్మ మాయమైంది అందుకే.

మన నిలోఫర్ ఆసుపత్రి సంగతి ఇంకా ముచ్చటైనది. ప్రసవంలో చనిపోయిన ఒక పనిమనిషి కోసం కన్నీరు పెట్టిన రాకుమారి నిలోఫర్ పేరుతో 1953లో వెలసింది. ఆవిడకి పిల్లలు లేరు. ఆ ఆసుపత్రిలోనే 2017లో "ధాత్రి" అనే తల్లిపాల బ్యాంకు తెరిచారు. ఒక తల్లి మిగులు పాలు మరో తల్లి నెలలు నిండని బిడ్డకి అందుతున్నాయి.

మరి పాలు చాలుతున్నాయో లేదో తెలిసేదెలా? వారం దాటిన బిడ్డ రోజుకి ఆరుసార్లైనా ఉచ్చపోసుకుంటూ, బరువు పెరుగుతూంటే చాలుతున్నట్లే. లేకపోతే డాక్టరుకి చూపించాలి. ఈలోగా ఇంటివాళ్ళు చేయగల సాయం ఒకటుంది. బాలింత చేతికి బిడ్డనిచ్చి, మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టి, మిగతా పనులు మనం అందుకోవడం.