అభిప్రాయం చెబితే బిల్లు పడింది

1980 అక్టోబరు 28 రాత్రి అధ్యక్ష అభ్యర్థులు జిమ్మీ కార్టర్, రొనాల్డ్ రీగన్ మధ్య టీవీ చర్చ ముగిసింది. వెంటనే అమెరికాలోని ఏబీసీ న్యూస్ ప్రేక్షకులకు రెండు ఫోన్ నంబర్లు ఇచ్చింది. కార్టర్ గెలిచాడనుకుంటే ఒకటి, రీగన్ అనుకుంటే ఇంకొకటి. కాల్‌కు 50 సెంట్లు. 7 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి, కార్టర్‌కు ఒకటి పడితే రీగన్‌కు రెండు పడ్డాయి. ఎవరు ఎన్నిసార్లు చేసినా అడిగే నాథుడు లేడు కాబట్టి అది సర్వే కాదని నిపుణులు మొత్తుకున్నారు. ఫోన్ వ్యాపారులకు అర్థమైంది వేరే సంగతి: తన మాట చెప్పుకోవడానికి మనిషి ఎదురు డబ్బు కూడా ఇస్తాడు.

అవి 900తో మొదలయ్యే నంబర్లు. కాల్ ఛార్జీని టెలిఫోన్ కంపెనీ నెలవారీ బిల్లులో కలిపి వసూలు చేసి, తన వాటా ఉంచుకుని, మిగతాది నంబరు నడిపేవాడికి ఇచ్చేది. జాతకాలు, కబుర్లు, బూతు ముచ్చట్లు అన్నీ ఈ దారిలోనే అమ్ముడుపోయాయి. మన ఎస్టీడీ బూత్‌లో ఎర్రంకెలు పరిగెడుతుంటే చటుక్కున ఫోన్ పెట్టేసేవాళ్ళం. అక్కడ అంకెలు కనిపించేది నెలాఖరునే. గోల పెరిగాక 1992లో చట్టం, మరుసటి ఏడు నిబంధనలు వచ్చాయి. ముందే రేటు చెప్పాలి, అది విని పెట్టేస్తే పైసా పడకూడదు, 900 బాకీ కట్టలేదని ఫోన్ కోయకూడదు.

మోసగాళ్ళు 900ను వదిలి పక్కదారి పట్టారు. కరీబియన్ దీవుల 809 నంబర్లు అమెరికా నంబర్లలాగే కనిపిస్తాయి. బాకీ ఉన్నారనో, బంధువు ఆస్పత్రిలో ఉన్నాడనో సందేశం పెడితే చాలు, కంగారుగా తిరిగి ఫోన్ చేస్తారు, విదేశీ కాల్ బిల్లు పడుతుంది. 1997 నాటి మోల్డోవా వ్యవహారంలో ఆ కంగారూ అక్కర్లేకపోయింది. బూతు బొమ్మలు చూడాలంటే దించుకోమన్న ప్రోగ్రామ్ మోడెమ్ స్పీకర్ నోరు నొక్కి, ఉన్న లైన్ తెంచి, మోల్డోవా నంబరుకు డయల్ చేసేది. సైటులోంచి బయటికొచ్చినా కాల్ తెగేది కాదు. నిమిషానికి 2 డాలర్ల పైమాటే. చివరికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కలగజేసుకుని 38 వేల మందికి పైగా బాధితులకు డబ్బు వెనక్కి ఇప్పించింది. ఫిర్యాదు చేయడానికి సిగ్గుపడ్డవాళ్ళు ఎందరో!

2004లో రాజకీయం మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చింది. అధ్యక్ష ఎన్నికల్లో బుష్‌పై పోటీలో ఉన్న జాన్ కెర్రీ వర్గం ఇంటర్నెట్‌లో విరాళాలు దండిగా పోగేస్తున్న రోజులవి. జులై చివర్లో బోస్టన్‌లో పార్టీ మహాసభ అయిన కొద్దికాలానికే కెర్రీ పేరుతో దొంగ మెయిళ్ళు బయల్దేరాయి. ఒక రకం నకిలీ విరాళాల సైటుకు తీసుకెళ్ళి కార్డు నంబరు కాజేసింది. రెండో రకం 900 నంబరుకు ఫోన్ చేయమంది, నిమిషానికి 1.99 డాలర్లు.

నన్నడిగితే రెండోదే గడుసుది. కార్డు నంబరు ఇవ్వడానికి వెనకాడే మనిషి కూడా అభిమాన నాయకుడి కోసం ఒక్క ఫోన్ కొట్టడానికి వెనకాడడు. వసూలు పని టెలిఫోన్ కంపెనీదే. పైగా ఆ ఏడాది జనవరి 1న అమల్లోకొచ్చిన స్పామ్ నిరోధక చట్టం వాణిజ్య మెయిళ్ళకే పరిమితం. పార్టీల మెయిళ్ళ జోలికి పోలేదు (చట్టం చేసినవాళ్ళకూ ఎన్నికలుంటాయి మరి). మోసగాడికి ఆ మినహాయింపు వర్తించదు, నిజమే. కానీ అసలు పార్టీ మెయిళ్ళ గుంపులో వాడి మెయిల్‌ను ఏరడం ఎవరి తరం?

ఆ రెండు మోసాల వెనక ఉన్నవాళ్ళు దొరకలేదు. 900 నంబర్ల బిల్లింగ్‌ను టెలిఫోన్ కంపెనీ వెరిజాన్ 2012లో ఆపేసింది.